మగ్గం మీద రాజవ్వ జాగా

కొత్తవాడలో ఒక మాట తిరుగుతోంది. వెంకటరాజం ఇంట్లోకి మొగిలమ్మ వచ్చిందని, అది చూడలేక ఆయన పెండ్లాం రాజవ్వ పిల్లను పట్టుకొని హన్మకొండకు వెళ్లిపోయిందని. నల్లా దగ్గర పుట్టిన ఈ మాట రేషన్ దుకాణం చేరేసరికి దానికి కాళ్లూ చేతులూ మొలిచాయి. వెంకటరాజం మొగిలమ్మకు చీర కొన్నాడన్నారు. రాజవ్వ పోలీసు స్టేషన్ మెట్లెక్కిందన్నారు. ఆ చీర రంగు కూడా చెప్పినవాళ్లున్నారు.

ముందు దీన్ని సరిచెయ్యాలి. మొగిలమ్మను ఆ మగ్గం మీద కూర్చోబెట్టింది వెంకటరాజం కాదు, రాజవ్వ. తానే పోయి, అడిగి, చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి, తాను కూర్చునే చోట కూర్చోబెట్టింది. ఆ తర్వాతే హన్మకొండకు పోయింది. మంది చెప్పేదాంట్లో మొగిలమ్మ ఉన్న మాట నిజం, రాజవ్వ పోయిన మాట నిజం. ఏది ముందు, ఏది వెనుక అన్నదే తారుమారైంది. ఆ ఒక్కటి తారుమారైతే చాలు, ఒక ఆడమనిషి బతుకు ఇంకో ఆడమనిషి కథ అయిపోతుంది.

ఆ ఇంట్లో నేసేది జంపఖానాలు. పెళ్లిళ్లలో, సభల్లో, బళ్లలో నేల మీద పరిచే పెద్ద పట్టీల జంపఖానాలు. చీర మగ్గం మీద ఒక్క మనిషి కూర్చుంటే సరిపోతుంది గానీ ఇంత వెడల్పు బట్ట ఒక్కడి వల్ల కాదు. ఇద్దరు పక్కపక్కన, కాళ్లు కింది గుంతలో పెట్టుకొని కూర్చోవాలి. ఈయన దారం కండె ఉన్న నాడె విసిరితే ఆమె అందుకోవాలి, ఆమె విసిరితే ఈయన. నాడె దాటగానే ఇద్దరూ కలిసి దువ్వెనలాంటి పన్నెను ఒంటి మీదికి లాగి, కొత్తగా పడిన దారాన్ని గట్టిగా కొట్టాలి. రెండు చేతులు కలిస్తే ఒక్కటే దెబ్బ వినిపిస్తుంది. ఒకరు తొందరపడితే దెబ్బ రెండుగా చీలుతుంది, బట్ట ఒక పక్క బిగుసుకొని పట్టీ ఏటవాలుగా పోతుంది.

వెంకటరాజం కుడి పక్క, రాజవ్వ ఎడమ పక్క. ఆ ఎడమ పక్క చోటు మొదట ఆమె అత్తది. ఆ ఇంటి పద్ధతి ఒకటుంది. కొత్త కోడలు వచ్చిన ఏడాదంతా నూలు కండెలు చుడుతుంది, వంట చేస్తుంది, నీళ్లు పడుతుంది. ఒకరోజు అత్త మగ్గం మీదనుంచి లేచి, "ఇగ నువ్వు కూసో" అంటుంది. ఆ రోజునుంచి బియ్యం డబ్బా, పెట్టె తాళం, ఇంటి పెత్తనం కోడలివి. రాజవ్వకు తన పెళ్లి ముహూర్తం సరిగ్గా గుర్తులేదు గానీ అత్త లేచిన ఆ పొద్దు మాత్రం గుర్తుంది. గుంతలో కాళ్లు పెడితే నేల చల్లగా తగిలింది. పక్కన మొగుడు తలతిప్పి చూడకుండానే నాడె విసిరాడు. ఆమె అందుకుంది.

ఆ తర్వాత వాళ్లిద్దరూ ఎంత కలిశారంటే, ఎదురింటి ఖాసింబీ పొద్దున్నే వాకిట్లో కూర్చొని ఆ దెబ్బ వింటూనే ఆ ఇంటి సంగతి చెప్పేసేది. ఈ రోజు వెంకటరాజానికి నడుము నొప్పి, ఈ రోజు రాజవ్వకు కోపం అని. ఒకసారి దెబ్బ మరీ గట్టిగా పడుతుంటే కోడలు మెహ్జబీన్‌ను పిలిచి, "పోయి చూడు, మొగుడు పెండ్లాలకు లొల్లి అయినట్టున్నది, కూర మాడింది కావచ్చు" అంది. మెహ్జబీన్ పోయి చూసి వచ్చి, మాడింది కూర కాదు అన్నమని చెప్పింది.

వాళ్లకు ఒక్కతే బిడ్డ, నవత. వాడకట్టు బళ్లోనే ఏడో తరగతి దాకా చదివింది. ఆ బడి మీద ఎవరికీ కోపం లేదు. గోడలకు రంగులున్నాయి, మధ్యాహ్నం అన్నం వేడిగానే పెట్టేవారు. లెక్కల సారుకే ఠికానా లేదు. ఉన్న ఒక్క సారును కొన్నాళ్లకని వేరే మండలానికి పంపారు, ఆ కొన్నాళ్లు అట్లాగే సాగిపోయాయి. లెక్కల గంటలో తెలుగు సారు వచ్చి ఎక్కాలు చెప్పించేవాడు. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు. ఇక గల్లీ చివర ఇంగ్లీషు మీడియం అని బోర్డు పెట్టిన బడి ఒకటుంది. అక్కడ పాఠాలు చెప్పే పిల్లలు తామే ఇంటర్ పరీక్షలు రాసుకుంటూ ఉండేవారు, పండగకు ఇంటికి పోతే తిరిగి వచ్చేవారు కాదు.

హన్మకొండలో ఒక పాత బడి ఉంది. ఎవరో పెద్దమనుషులు పెట్టింది, సర్కారు కొంత సాయం చేస్తుంది. ఆ బడి వాళ్లు ప్రార్థనకు పరచడానికి జంపఖానా నేయించుకున్నారు. దాన్ని దించడానికి యాకూబ్ ఆటోలో వెంకటరాజం పోతుంటే నవత కూడా ఎక్కింది. యాకూబ్ ఖాసింబీ కొడుకు. సరుకు దించి, డబ్బులు తీసుకొని చూస్తే పిల్ల లేదు. వరండా అంతా వెతికితే ఒక తరగతి కిటికీ చువ్వలు పట్టుకొని నిలబడి ఉంది. లోపల పద్మ టీచర్ లెక్కలు చెబుతోంది. వెంకటరాజం పిలిచినా పిల్ల కదల్లేదు. గంట కొట్టిన తర్వాతే వచ్చింది.

ఇద్దరూ తిరిగి ఆటో ఎక్కారు. పోచమ్మ మైదాన్ దగ్గరికి వచ్చాక నవత తండ్రి భుజం తట్టి చెప్పింది.

"బాపూ, మా బళ్లె గట్లనే ఐతది, రాస్కోండ్లి అంటరు. గా మేడం గట్లెందుకైతదో చెప్పింది."

వెంకటరాజం ఆ మాటను ఇంటికి తెచ్చి, మగ్గం మీద కూర్చొని, నాడెతోపాటు రాజవ్వకు అందించాడు. ఆ రోజు ఆ ఇంట్లో దెబ్బ చాలాసేపు ఆగి ఆగి పడింది.

హన్మకొండ బళ్లో సీటుకు పరీక్ష పెట్టారు, నవత రాసింది, గట్టెక్కింది. ఫీజు కూడా భారం కాదు. కానీ ఒక నిబంధన ఉంది. తెల్లవారకముందే చదువు మొదలవుతుంది, సాయంత్రం చీకటిపడేదాకా ఉంటుంది. అందుకని నడిచి వచ్చేంత దూరంలో ఇల్లున్న పిల్లలనే తీసుకుంటారు. బస్సుల్లో, ఆటోల్లో ఆడపిల్లలను ఆ వేళల్లో తిప్పి, ఏదైనా అయితే ఆ పాపం మేం మోయలేమని పద్మ టీచర్ కచ్చితంగా చెప్పింది. ఇల్లు చూడటానికి తానే వస్తానంది.

ఆ నిబంధన పిల్లల మంచికే పెట్టారు. కానీ దాని వల్ల ఆ బడి చుట్టూ ఉన్న నాలుగు గల్లీలు బంగారమైపోయాయి. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి, వర్ధన్నపేట నుంచి, ఎక్కడో అడవి పక్కనున్న ఏటూరునాగారం నుంచి కూడా పిల్లలను పట్టుకొని వచ్చి గదులు వెతికేవాళ్లే. మెట్ల కింద సందుకు తలుపు పెట్టి అదొక గది అన్నారు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన రేకులు వేసి అదొక గది అన్నారు. ఆ బళ్లో చదువు చవకే. ఆ బడి పక్కన నిలబడే జాగానే పిరం.

వెంకటరాజం, రాజవ్వ ఇద్దరూ గది కోసం తిరిగారు. ఎవరైనా కిరాయి ఇంట్లో ముందు నీళ్లు వస్తాయా అని అడుగుతారు, కరెంటు మీటరు వేరేనా అని అడుగుతారు. వెంకటరాజం అవేవీ అడగలేదు. ప్రతి ఇంట్లో లోపలికి పోవడం, గచ్చు మీద మడమతో తట్టడం, గది పొడుగూ వెడల్పూ చేతులు చాచి చూడటం. తర్వాత ఎంతో మర్యాదగా అడగడం.

"అమ్మా, ఈడ జర గుంత తవ్వుకుంటె ఏమన్న అంటరా?"

తళతళలాడే టైల్స్ మీద నిలబడి ఆయన ఆ మాట అంటే ఒక ఇంటావిడ హడలిపోయి మొగుణ్ణి కేకేసింది. గుంత ఎందుకంటే కాళ్లు పెట్టుకోవడానికి అన్నాడు వెంకటరాజం. ఆ మొగుడు వీళ్లను ఎగాదిగా చూసి, గుప్తనిధుల కోసం తిరిగేవాళ్లు ఇట్లాగే జంటగా వస్తారట, టీవీలో చూపించారు అన్నాడు. మగ్గం పెట్టుకోవడానికండీ, పోయేటప్పుడు పూడ్చి గచ్చు చేసి ఇస్తామండీ అని వెంకటరాజం బతిమాలుతుంటే రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకొని బయటికి పరుగెత్తింది. పెళ్లయిన తర్వాత ఆమె అంతగా నవ్విన రోజు ఇంకొకటి లేదు. గుంతలేని మగ్గమైనా సరే అంటే, ఆ చప్పుడు ఎవరు భరిస్తారన్నారు. పైన ఉండేవాళ్లు ఊరుకోరన్నారు. గోడలు పగుళ్లిస్తాయన్నారు.

పొద్దు వాలే వేళకు ఇద్దరూ నక్కలగుట్టలో ఒక దుకాణం అరుగు మీద కూర్చొని మిర్చీలు తిన్నారు. నవ్వు అప్పటికి అయిపోయింది.

"మగ్గం పట్టే ఇల్లు ఈ దిక్కు లేదే" అన్నాడు వెంకటరాజం.

"మనుషులు పట్టేది ఉన్నది గదా, గా రేకుల గది."

"ఉన్నది." కాగితంలో మిగిలిన మిర్చీని ఆమె వైపు జరిపాడు. "నువ్వు పిల్లను తీస్కొని ఈడ ఉండు. నేను ఆడ ఏదో ఒకటి చేసుకుంట."

ఆ రేకుల గది కిషన్ రావుది. రిటైరైన ఉద్యోగి, మాట నెమ్మది. కిరాయి మాత్రం మగ్గం నెలంతా తెచ్చేదాంట్లో సగానికి సగం. ఆ మగ్గం ఆగితే ఆ సగం కూడా లేదు. మగ్గం ఆగకుండా ఉండాలంటే ఎడమ పక్క ఎవరో ఒకరు కూర్చోవాలి. వాడకట్టులో చేయి తిరిగిన ఆడవాళ్లంతా తమ తమ ఇళ్లలో తమ మొగుళ్ల పక్కన కూర్చొని ఉన్నారు. ఖాళీగా ఉన్నది మొగిలమ్మ ఒక్కతే. మొగుడు చనిపోయాక ఆమె మగ్గాన్ని ఊడదీశారు. వాళ్లకూ వీళ్లకూ కండెలు చుట్టి పొట్ట పోసుకుంటోంది. వెంకటరాజం కంటే నాలుగేళ్లు పెద్దది.

రాజవ్వ పోయి అడిగింది.

"నా జాగల కూసో వదినె. పిల్ల పదో తరగతి అయ్యేదాక."

మొగిలమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "మంది ఏమనుకుంటరే" అంది. తర్వాత, "నీ మొగని చెయ్యి నాకు అలవాటు లేదు గదా" అంది.

"నాకు మాత్రం పుట్టంగనే అలవాటైందా?"

పోయేముందు రాజవ్వ ఆమెకు అంతా చెప్పి ఇచ్చింది. ఆయన కొట్టేముందు ఊపిరి బిగపడతాడు, అది వినాలి. దగ్గు వస్తే ముందు భుజం కదులుతుంది, అప్పుడు నాడె విసరకూడదు. పొద్దెక్కాక చెయ్యి బరువెక్కుతుంది, అప్పుడు నువ్వు కొంచెం ఎక్కువ లాగాలి. వెంకటరాజం పక్కనే కూర్చొని, తన గురించి ఇద్దరాడవాళ్లు ఇట్లా మాట్లాడుకుంటుంటే ఎటు చూడాలో తెలియక దారాలు సరిచేస్తూ కూర్చున్నాడు. ఎడమ పక్కనుంచి లేచేటప్పుడు రాజవ్వకు ఏమీ అనిపించలేదు. మూడేళ్ల ముచ్చట, తిరిగి రావాల్సిందేగా అనుకుంది. యాకూబ్ ఆటోలో ట్రంకు పెట్టె, గ్యాసు పొయ్యి, రెండు బొంతలు పెట్టుకొని తల్లీబిడ్డలు పోయారు. పద్మ టీచర్ వచ్చి గది చూసింది, చదువుకోవడానికి ఒక మూల లైటు పెట్టమని చెప్పి పోయింది.

మొదటి ఏడు బాగానే గడిచింది. గల్లీ మొగదల ఉన్న కర్రీ పాయింట్‌లో రాజవ్వకు జొన్నరొట్టెలు చేసే పని దొరికింది. పగలంతా గదిలో వంట, బట్టలు. సాయంత్రం నవత బళ్లో చదువుకుంటుంటే ఈమె పెనం ముందు నిలబడేది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు బండ్లు ఆపి, దిగకుండానే రొట్టెలడిగేవారు. జొన్నరొట్టె దెబ్బ వేరు. తేలికగా, వడివడిగా, చేయి తిప్పుతూ చప్పచప్ప కొట్టాలి. ఆలస్యమైతే అంచు పగులుతుంది. మొదట్లో ఆమె రొట్టెలు మందంగా వచ్చేవి. కర్రీ పాయింట్ నడిపే శ్రీకాంత్, "అక్కా, గివి రొట్టెలా, జంపఖానలా" అని ఏడిపించేవాడు. నెలలు గడిచేకొద్దీ ఆమె చేయి తిరిగింది. రొట్టె కాగితంలా వచ్చేది.

ఆదివారం పొద్దున్నే తల్లీబిడ్డలు కొత్తవాడకు వచ్చేవారు. ఆ రోజు మొగిలమ్మ రాదు. రాజవ్వ కాళ్లు కడుక్కొని నేరుగా మగ్గం గుంతలోకి దిగేది. వారమంతా మొగిలమ్మ నేసిన బట్ట మీద చెయ్యి వేసి చూసేది. ఎడమ పక్క వదులు. నూలిచ్చి నేయించుకునే షావుకారు దాన్ని రెండో రకం కింద కట్టి కూలి తగ్గిస్తున్నాడని ఆమెకు తెలుసు. అయినా లోలోపల, ఎక్కడో, ఆ వదులు చూస్తే ఆమెకు ఒక నిమ్మళం. ఆదివారం నేసిన జానెడు బట్ట తేడాగా, గట్టిగా, సూటిగా ఉండేది. ఎదురింట్లో ఖాసింబీ ఆ దెబ్బ విని, "వచ్చింది" అనేది.

నవత బాగా చదివింది. ఆ పిల్ల నోట ఇప్పుడు ‘ఎందుకు’ అన్న మాట తప్ప ఇంకోటి లేదు. కుక్కర్ ఎందుకు కూస్తుంది, రేకు ఎందుకు మధ్యాహ్నం టప్పుమంటుంది, బాపుకు ఎందుకు ఫోన్‌లో మాట్లాడటం రాదు. వెంకటరాజం ఫోన్‌లో "తిన్నరా" అంటాడు, "తిన్నం" అంటే "సరే" అంటాడు. అంతే.

రెండో ఏడు ఒక ఆదివారం పొద్దున బట్టలు సర్దుతుంటే నవత అడిగింది. "అమ్మా, బాపు ఇంటికి ఎప్పుడు పోదాం?"

రాజవ్వ చేతిలో మడత ఆగింది. "బాపు ఇల్లేందే. మన ఇల్లు."

"ఆ, మన ఇంటికే" అంది పిల్ల, జడ వేసుకుంటూ.

ఆ రోజు కొత్తవాడలో ఒక పెళ్లివారి జంపఖానా అర్జెంటుగా ముగించాల్సి ఉంది. అందుకని మొగిలమ్మ కూడా వచ్చి ఉంది. రాజవ్వను చూసి ఆమె గుంతలోనుంచి లేచింది. రాజవ్వ కూర్చుంది. నాడె వచ్చింది, అందుకుంది. పన్నె లాగింది. రెండు దెబ్బలు వినిపించాయి.

వారం రోజులు చెయ్యి పడలేదు గదా అనుకుంది. మళ్లీ లాగింది. మళ్లీ రెండు. ఆయన ఊపిరి బిగపట్టే లోపే ఆమె చెయ్యి ముందుకు పోతోంది. ఆపాలని చూస్తే వెనుకపడుతోంది. చెయ్యి ఆమెదే గానీ మాట వినడం లేదు. పెనం ముందు నేర్చిన వడి దాంట్లోకి దిగిపోయింది.

"జర ఆగి కొట్టు" అన్నాడు వెంకటరాజం మెల్లగా.

ఆగి కొట్టింది. జానెడు బట్ట నేసేసరికి ఎర్ర పట్టీ ఎడమ పక్క కిందికి జారింది. వెంకటరాజం మగ్గం ఆపాడు. కోప్పడినా బాగుండేది. ఇద్దరూ కలిసి ఆ జానెడూ విప్పారు, ఒక్కో దారం, ఒక్కో దారం. అప్పుడు ఆయన తల ఎత్తకుండా, "అలిసిపోయి వచ్చినవు, జర చాయ్ పెట్టుకొని తాగరాదు" అన్నాడు. పెళ్లివాళ్లు సాయంత్రం బండి పంపుతారు. ఆమెకు తెలుసు. లేచింది.

వంటింట్లో చక్కెర డబ్బా ఉండాల్సిన చోట లేదు. చేతికి అందే ఎత్తులో, మగవాళ్లు పెట్టుకునే చోట, పొయ్యి పక్కనే ఉంది. నీళ్లు పెట్టి మంట వెలిగిస్తుంటే మగ్గం మొదలైంది. దభ్. మళ్లీ దభ్. నీళ్లు మరిగే దాకా ఆమె వింటూ నిలబడింది. ఎక్కడా రెండుగా చీలలేదు. ఆమె నేర్పిన ఊపిరి, ఆమె నేర్పిన దగ్గు, అన్నీ మొగిలమ్మ పట్టేసింది. ఎదురింట్లో ఖాసింబీ ఆ దెబ్బ విని, "రాజవ్వ వచ్చింది" అంది మెహ్జబీన్‌తో.

మూడు గ్లాసుల్లో చాయ్ పోసి తెచ్చింది రాజవ్వ. మొగిలమ్మ గ్లాసు అందుకుంటూ ముఖం చూడలేకపోయింది. "నా పని అయిపోయినాక నువ్వు కూసోవే" అంది. రాజవ్వ తలూపింది. ఆ రోజు కూర్చోలేదు. ఆ తర్వాతి ఆదివారాలు కూడా బట్ట మీద చెయ్యి వేసి చూసింది గానీ గుంతలోకి దిగలేదు. ఎడమ పక్క ఇప్పుడు వదులు లేదు. షావుకారు మంచి కూలే ఇస్తున్నాడు. ఆ కూలి రేకుల గది కిరాయికే పోతోంది. అంటే మొగిలమ్మ చెయ్యి కుదరబట్టే నవత చదువు సాగుతోంది. ఇది ఎటు తిప్పి చూసినా ఎవరినీ తిట్టుకునే వీలులేని లెక్క.

జూన్ వచ్చింది. ఆ ఎండాకాలం పదో తరగతిలో హన్మకొండ బడి పిల్లలకు మంచి మార్కులొచ్చాయని పేపర్లో పడింది. పడిన వారంలోనే ఆ నాలుగు గల్లీల్లో కిరాయిలు పెరిగాయి. కిషన్ రావు మెట్లెక్కి పైకి వచ్చి, నిలబడే మాట్లాడాడు. వర్ధన్నపేటనుంచి ఎవరో వచ్చి అడుగుతున్నారని, వాళ్లు ఎక్కువ ఇస్తామన్న దాంట్లో సగం పెంచినా చాలని, మీరు మంచోళ్లు కాబట్టి మిమ్మల్నే ముందు అడుగుతున్నానని చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. వర్ధన్నపేట వాళ్లు నిజంగానే కింద గేటు దగ్గర నిలబడి ఉన్నారు, పక్కన ఒక పిల్ల, బడి సంచీ భుజాన వేసుకొని పైకి చూస్తూ.

రాజవ్వ ఆ రోజు ఫోన్ చేయకుండా బస్సెక్కి కొత్తవాడకు వచ్చింది. వెంకటరాజం మగ్గం ఆపి బయటికి వచ్చాడు. వాకిట్లో కూర్చొని మాట్లాడుకున్నారు. పిల్లను వెనక్కు తెస్తే ఇక్కడి బళ్లో పదో తరగతి. లెక్కల సారు ఇంకా రాలేదు. తేకపోతే పెరిగిన కిరాయి. శ్రీకాంత్ ఆదివారం కూడా వస్తే డబుల్ కూలి ఇస్తానన్నాడు, ఆదివారమే గిరాకీ ఎక్కువ. ఆ డబ్బు వస్తే గది నిలుస్తుంది.

"ఆదివారం ఈడికి రానీకి ఉండదు మరి" అంది రాజవ్వ.

ఆయన చేతివేళ్లకు అంటిన నూలు పీచు తీసుకుంటూ కూర్చున్నాడు. రావాల్సిందే అంటాడేమో అని ఆమె చూసింది. ఆమె వస్తానంటుందేమో అని ఆయన చూశాడు కావచ్చు. లోపల మొగిలమ్మ మగ్గం మీద ఒక్కతే కూర్చొని ఎదురుచూస్తోంది.

"పిల్ల ఒక్కతె అయితది. నువ్వు ఆడనే ఉండు" అన్నాడు వెంకటరాజం.

రాజవ్వ సరే అంది. బస్సు దొరకదని లేచింది. ఆయన గల్లీ చివరదాకా వచ్చి బస్సెక్కించి పోయాడు.

ఆదివారాలు ఆగిపోయిన తర్వాతే వాడకట్టులో ఆ మాట పుట్టింది. అంతకుముందు రెండేళ్లు మొగిలమ్మ అదే మగ్గం మీద కూర్చున్నా ఎవరికీ తప్పుగా కనిపించలేదు. వారానికొకసారి రాజవ్వ ముఖం కనిపించేది గదా. అది కనిపించకపోయేసరికి ఖాళీలో కథ మొలిచింది. మొగిలమ్మ తల వంచుకొని వచ్చి, తల వంచుకొని పోయేది. పొద్దుగూకకముందే వెళ్లిపోయేది. వెంకటరాజం ఆ మాట చెవిన పడినా మగ్గం ఆపలేదు. దసరాకు రాజవ్వ, నవత వచ్చారు. కొత్త చీర కట్టుకొని వచ్చి, అన్నం తిని, పొద్దు వాలకముందే బయల్దేరారు. నవతకు మరునాడు పరీక్ష ఉందన్నారు. వాడకట్టు మొత్తం తలుపుల సందుల్లోంచి చూసింది. లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు, అందుకని ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు.

ఖాసింబీకి మాత్రం అన్నం సయించలేదు. ఆ ఇంటి దెబ్బ ఇన్నేళ్లు వింటూ లోపలి సంగతంతా తనకే తెలుసుననుకున్న మనిషి ఆమె. ఆ పెళ్లి జంపఖానా నాటి దెబ్బ రాజవ్వది కాదు, మొగిలమ్మదని తర్వాత తెలిసి ఆమెకు సిగ్గేసింది. రేషన్ దుకాణం దగ్గర ఇద్దరాడవాళ్లను కసిరి వచ్చింది. కసిరింది గానీ, నిజమేమిటని వాళ్లు ఎదురడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. కండ్ల దవాఖానకు పోవాలని వంక పెట్టి, యాకూబ్ ఆటో ఎక్కి హన్మకొండకు పోయింది.

రాజవ్వ కర్రీ పాయింట్ వెనుక జొన్నపిండి కలుపుకుంటోంది. ఇంకా గిరాకీ మొదలుకాలేదు. ఖాసింబీని చూసి గబగబా చేతులు కడుక్కుంది, స్టూలు వేసింది, నీళ్లిచ్చింది. యాకూబ్ బాగున్నాడా, మెహ్జబీన్ కాన్పు ఎప్పుడు అని అడిగింది. నవత అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కల్లో తరగతికే మొదటిదని చెప్పింది. అది చెబుతుంటే ఆమె ముఖం వెలిగింది, నిజంగానే వెలిగింది. కొత్తవాడ సంగతి ఒక్కటీ అడగలేదు.

ఖాసింబీ నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. ఎన్నో ఇళ్ల సంగతులు ఆరా తీసిన ఆ మనిషి స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"రాజవ్వా, మంది తలా ఒక తీరు అంటాండ్లు. నేను వాళ్ల నోర్లు మూయించాల్నంటె నాకు నీ నోట ఒక మాట కావాలె. వెంకటరాజాన్ని ఇడిసిపెట్టినవా బిడ్డా?"

రాజవ్వ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఇన్నాళ్లూ ఎవరైనా అడుగుతారేమో అని చూసిన మనిషి, పిండి గిన్నె పక్కకు జరిపి ఆమె ఎదురుగా కూర్చుంది.

"గీ మాట మొదాలు చెవుల పడ్డప్పుడు నవ్విన అక్కా, అబద్ధం గదా అని. ఇప్పుడు నువ్వు అడిగితె కాదు అననీకి నోరు లేస్తలేదు. ఇడిసిపెట్టుడంటె ఒకనాడు లేసి, సంచి పట్టుకొని, తలుపు దాటి వచ్చుడు గదా. నేను గట్ల రాలే. గా గది కిరాయి పెరిగినకొద్ది జర జర ఇవుతలికి జరుగుకుంట వచ్చిన. మొన్న దసరకు పోతె ఆయన లేసి నాకు కుర్చేసిండు. కప్పు కడిగి చాయ్ పోసి ఇచ్చిండు. మంచిగున్నవా అని అడిగిండు. నువ్వే చెప్పు, సుట్టానికి ఇల్లు ఇడిసిపెట్టుడు అనేది ఉంటదా అక్కా?"